ఏడో గడి

“ఈ కాగితం ఎప్పుడొచ్చిందండీ?”

స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఠక్కున ఆగింది.

“మిమ్మల్నే అడుగుతున్నా. బీరువాలో, మీ యూనిఫారం చొక్కాల కింద దీనికేం పని?”

తలుపు నాలుగు వేళ్ళంత తెరుచుకుంది. సబ్బు నురగ అంటుకున్న సగం మొహం బయటికొచ్చింది.

“నా చొక్కాలు నేనే సర్దుకుంటానని చెప్పానుగా. నిన్నెవరు ముట్టుకోమన్నారు?”

“పదిరోజుల్నుంచి అంత బుద్ధిగా ఎందుకు సర్దుకుంటున్నారో ఇప్పుడర్థమైంది. ముందు బయటికి రండి.”

ఆయన వచ్చేలోపు ఆమె ఆ కాగితాన్ని మూడోసారి చదివింది. పన్నుల ఆఫీసు నోటీసు అది. చేతులు మారిన ఇంటికి కొత్తగా మదింపు చేశామనీ, ఇకమీదట ఏడాదికి ఇరవై ఒక్క వేలు ఇంటిపన్ను కట్టాలనీ, అభ్యంతరం ఉంటే కాగితం అందిన పదిహేను రోజుల్లోగా కొలతలతో సహా తెలపాలనీ ఉంది. కవరు మీది తేదీ చూసి వేళ్ళ మీద లెక్కపెట్టింది. పన్నెండు రోజులు అయిపోయాయి.

ఇరవై ఒక్క వేలు. ఆమె వేసిన అంచనా ఆరు వేలు.

ఆ ఇంట్లో ఆమెకి లెక్కలమ్మ అని పేరు. కళ్ళద్దాల షాపులో పదేళ్ళుగా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆమెది. కంటిపాపకీ కంటిపాపకీ మధ్య దూరం రెండు మిల్లీమీటర్లు తప్పినా పెట్టుకున్నవాళ్ళకి తల తిరుగుతుంది కనుక, ఏదైనా రెండుసార్లు కొలవడం ఆమెకు అలవాటైపోయింది. ఇల్లు కొనేముందూ అలాగే నోటుబుక్కు తీసి అన్నీ వరసగా రాసింది. బ్యాంకు వాయిదా, కరెంటు, నీళ్ళు, మరమ్మతులు. ఇంటిపన్ను దగ్గరికి వచ్చేసరికి, ఇల్లమ్మిన ముసలావిడ దగ్గర పాత రసీదు అడిగి తీసుకుని, ఆరు వేలని పన్నెండుతో భాగించి నెలకి ఐదు వందలు అని వేసుకుంది. ఆ ఒక్కటీ రెండోసారి కొలవలేదు.

భర్త తడితలతోనే వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. లిఫ్టు మెకానిక్కు. రోజంతా గ్రీజులో పనిచేసే ఆ చేతులు ఎంత రుద్దినా గోళ్ళ చివర నల్లగానే ఉంటాయి.

“చెబితే నువ్వా నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంటావు. తప్పంతా నాదేనంటావు. వారం రోజులు తిండి మానేస్తావు.”

“అందుకని దాచిపెట్టారా?”

“దాచలేదు. కింద పెట్టాను.”

“చొక్కాల కింద.”

“ఆఁ, చొక్కాల కిందే.”

ఆమెకి నవ్వొచ్చేట్టుంది. కోపం వదలడం ఇష్టంలేక నవ్వు మింగేసింది.

“మరి ఆదివారాలు కూడా డ్యూటీ అంటూ వెళ్తున్నది?”

“లిఫ్టుల్లో జనం ఇరుక్కోవడానికి ఆదివారం ఏంటి, సోమవారం ఏంటి? పిలిస్తే వెళ్తున్నాను.” తల దించుకుని అన్నాడు, “పిలవకపోతే నేనే ఫోన్ చేసి అడిగి మరీ వెళ్తున్నాను, బ్యాంకు వాయిదాకి చాలక.”

ఇన్నాళ్ళూ ఆయనకి కొత్త ఇల్లు నచ్చలేదని, అందుకే ఇంటిపట్టున ఉండట్లేదని ఆమె లోలోపల కుమిలిపోతోంది. తువ్వాలు అందుకుని ఆయన తల తుడవసాగింది. కాస్త గట్టిగానే తుడిచింది.

“నెప్పి!” అన్నాడాయన.

“నొప్పెట్టాలనే.”

ముందుగదిలో రేడియో గొంతు ఉన్నట్టుండి తగ్గిపోయింది. ఇద్దరూ అటు చూశారు. అక్కడ డెబ్భై దాటిన మామగారుంటారు. నాలుగు నెలల క్రితం ఈ ఇంటికి మొదటి విడత డబ్బు కట్టింది ఆయన చెక్కల షెడ్డు అమ్మిన డబ్బుతోనే. నలభై ఏళ్ళు తలుపులూ కిటికీలూ చేసిన షెడ్డు అది.

“మీ నాన్నగారికి తెలుసా?”

“నేను చెప్పలేదు. నువ్వే చెప్పు.”

తండ్రీకొడుకుల మధ్య ఏ మాటైనా ఆమె మీదుగా వెళ్ళాల్సిందే. పద్దెనిమిదో ఏట కొడుకు ఉలి కింద పెట్టి లిఫ్టు కంపెనీలో చేరాడు. దెబ్బలాట ఏమీ జరగలేదు. ఆ రోజునుంచి నేరుగా మాట్లాడుకోవడం మానేశారు, అంతే.

ఆయన వెళ్ళాక ఆమె నోటీసు తిరగేసి చూసింది. వెనక గళ్ళ పట్టిక. ఇంటి వైశాల్యం, కట్టి ఎన్నేళ్ళు, నివాసమా వ్యాపారమా. ఏడో గడి దగ్గర చూపు ఆగింది. డెబ్భై దాటిన తల్లి గానీ తండ్రి గానీ ఇంటి యజమానుల్లో ఒకరై ఉండి, ఆ ఇంట్లోనే ఉంటుంటే పన్నులో నలభై శాతం తగ్గింపు.

పాత మదింపు మీద ఈ తగ్గింపు కూడా పోగానే ముసలావిడ రసీదులో ఆరు వేలుందని అప్పుడు తెలిసింది. కాగితం ఎలా ఉన్నదాన్ని అలా మడిచేసింది. ఏడో గడి సంగతి భర్తతో అనలేదు.

* * *

“అమ్మాయ్, సున్నా నా దగ్గర. అంకె నీ దగ్గర. టేపు బిగించి పట్టు, కుంగనీకు.”

శనివారం పొద్దున్నే కొలతలు మొదలయ్యాయి. సంగతి చెప్పగానే మామగారు ఏమీ అడగలేదు. చెవి మీద పెన్సిలు పెట్టుకుని, గోడకి తగిలించిన చొక్కా వేసుకుని, పనికి బయల్దేరిన మనిషిలా బయటికొచ్చారు. ఆయన నడకలో అంత చురుకు ఈ నాలుగు నెలల్లో ఆమె చూడలేదు.

“ముప్ఫై అయిదు అడుగులు, మామయ్యా.”

“సరిగ్గానా?”

“ఒకటిన్నర అంగుళం తక్కువ. మిల్లీమీటర్లలో అయితే…”

“మిల్లీమీటర్లు నీ కళ్ళద్దాలకుంచుకో. గోడకి సిమెంటు పూసినవాడు ఆ వేళ ఎలా ఉన్నాడో అంత తేడా వస్తుంది. ముప్ఫై అయిదే రాయి.”

“ఆఫీసువాళ్ళు ఒప్పుకోరేమో?”

“ఒప్పుకోకపోతే నన్ను పిలు.”

వెడల్పు ముప్ఫై వచ్చింది. వెయ్యిన్నీ యాభై చదరపు అడుగులు. నోటీసులో పన్నెండు వందల అరవై ఉంది. పైన రెండు వందల పది ఎక్కడనుంచి వచ్చిందో అర్థంకాక ఇద్దరూ ఇల్లంతా తిరిగారు. వెనక పెరట్లో, ముసలావిడ బట్టలు ఆరేసుకోవడానికి వేయించుకున్న రేకుల కప్పు కింద మామగారు ఆగిపోయారు. పైకి చూశారు. అడుగులేశారు.

“పద్నాలుగూ పదిహేనూ. ఎంతయింది?”

“రెండు వందల పది!” ఆమె చిన్నపిల్లలా అరిచింది.

“అదీ సంగతి. ఎవరో పైనుంచి తీసిన ఫొటోలో రేకు చూసి గదనుకున్నారు. మూడుపక్కలా గాలి కొడుతున్న గది ఎక్కడన్నా ఉంటుందా?” ఆయన మొహం వెలిగిపోయింది. “ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ కొలిచానమ్మాయ్. నేనుంటున్న ఇల్లు కొలవడం ఇదే మొదలు.”

“మనిల్లు,” అందామె, తెలియకుండానే.

ఆయన వినిపించుకున్నట్టు లేదు. లోపలికి నడిచారు. వంటింటి గుమ్మం తట్టి చూసి, “మంచి పనివాడు చేశాడు దీన్ని, పేరు రాసుకోలేదు పాపం,” అన్నారు. తన గది దగ్గరికి వచ్చేసరికి మాత్రం, “దీన్ని కొలవక్కర్లేదులే, బయటి కొలతలో వచ్చేసిందిగా,” అనేసి తలుపు దగ్గరగా వేశారు. ఆ సందులోంచి మంచం కింద పనిముట్ల పెట్టె కనిపించింది. దాని చుట్టూ తాడు, వచ్చిన రోజు కట్టినట్టే ఉంది.

ప్రహరీ పొడవు ఒక్కటే మిగిలింది. ఆయన వీధి మూల సున్నా పట్టుకున్నారు, ఆమె పెరటి మూలకి వచ్చింది. మధ్యలో, గోడ పక్కన మోటారుబండి తుడుస్తూ భర్త ఫోన్లో మాట్లాడుతున్నాడు.

“అదికాదక్కా… నాన్న పేరు ఇంటి పత్రంలో చేరిస్తే నలభై శాతం తగ్గుతుందట. నోటీసు వెనకే ఉంది… అవును, ఎలాగూ మాతోనే ఉంటున్నాడుగా. పేరు పెడితే మనకేం పోయింది చెప్పు?”

ఆమె చేతిలో టేపు వదులైంది. నేలకి కుంగింది. ఆపైన సర్రున జారుతూ వచ్చి ఆమె చేతిలోని చుట్టలో దూరిపోయింది.

వీధి మూలకేసి చూస్తే అక్కడ ఎవరూ లేరు. ముందుగది తలుపు మూసి ఉంది.

* * *

ఆదివారం మధ్యాహ్నం, భర్త డ్యూటీనుంచి వచ్చిన కాసేపటికే వదిన వచ్చేసింది. ఆసుపత్రిలో నర్సు. మెడలో గుర్తింపు కార్డు కూడా తీయకుండా డ్యూటీలోంచి సరాసరి వచ్చింది. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

“ఒరేయ్ తమ్ముడూ, నిన్న ఫోన్లో అన్నమాట మళ్ళీ అను. నాన్న ఎదురుగా అను.”

“కూర్చో అక్కా. మంచినీళ్ళు తాగు.”

“నీళ్ళు నా ఇంట్లో ఉన్నాయి. షెడ్డు అమ్మిన డబ్బు సంచిలో పెట్టి నీ చేతికిచ్చినప్పుడు గుర్తురాని పేరు, పన్ను తగ్గుతుందంటే గుర్తొచ్చిందేంరా?”

“ఊరుకోవే,” అన్నారు మామగారు కుర్చీలోంచి.

“నువ్వుండు నాన్నా. నీకేమీ పట్టదు. నువ్విప్పుడు వీళ్ళకి నాన్నవి కాదు, నలభై శాతానివి.”

భర్త మొహం పాలిపోయింది. “అంత మాట అనకు. నేనేదో నెల గడవడం ఎలాగా అని…”

“గడవకపోతే నన్నడుగు, ఇస్తాను. మనిషిని తీసుకెళ్ళి కాగితంలో కుక్కకు.”

లెక్కలమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. అనాల్సిన మాట ఒకటి నాలుగు నెలలుగా గొంతులో ఉండిపోయింది. ఇవాళ అది పైకి వచ్చేసింది.

“వదిన చెప్పింది నిజమేనండీ.”

అందరూ ఆమెవైపు తిరిగారు.

“మాకు గుర్తురాకపోవడం కాదు వదినా. రిజిస్ట్రేషన్ ముందురోజు నేను మామయ్యని అడిగాను, మీ పేరు కూడా పెడదామా అని. ఎందుకమ్మాయ్, రేపోమాపో పోయేవాణ్ణి, మళ్ళీ మార్చుకోవడం మీకు తలనొప్పి అన్నారు. నేను సరేనన్నాను. హమ్మయ్య అనుకున్నాను కూడా. ఒక సంతకం తగ్గింది, ఒక రుసుము తగ్గింది అనుకున్నాను. రెండోసారి అడగలేదు.”

పక్కింట్లో ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఎదురింటివాళ్ళు పలహారం పెట్టినా ఒకసారి వద్దనే మనిషి మామగారు. రెండోసారి అంటే తీసుకుంటారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆయన దవడ మాత్రం ఒకసారి కదిలింది.

వదిన గొంతు కాస్త తగ్గింది. “నాకు గురువారం సెలవు. ఆలోపు గది సర్దుతాను. వచ్చి తీసుకెళ్తాను నాన్నా.”

“చూద్దాంలే,” అన్నారాయన.

వస్తాననీ అనలేదు. రాననీ అనలేదు.

ఆ సాయంత్రం భార్యాభర్తలిద్దరూ పెరట్లో, రేకుల కింద కూర్చున్నారు.

“నేను చెడ్డగా అనలేదు,” అన్నాడాయన. “ఏడో గడిలో రాసేది అబద్ధం కాదుగా. నాన్న ఇక్కడే ఉంటున్నాడు. కొలతలు దిద్దినా పదిహేడు వేల అయిదు వందలు. ఆ గడి నింపితే పదివేల అయిదు వందలు. నువ్వు లెక్కలమ్మవి, నీకు నేను చెప్పాలా?”

“అబద్ధం కాదు. కానీ ఆ గడి కోసం అడిగామనుకోండి, ఆయన ఎప్పటికీ ఆ గడిలోనే ఉండిపోతారు. రేపు నేను కంచంలో రెండు ముద్దలు ఎక్కువ పెట్టినా, ఇది ఆ తగ్గింపు కోసమేనేమో అనుకుంటారు. నాకది వద్దు.”

“మరి నెలకి పైన పడే వెయ్యి?”

“షాపులో సాయంత్రం రెండు గంటలు ఎక్కువ ఉంటానని అడుగుతాను. మీరు ఆదివారాలు ఇంట్లో ఉండండి. నాలుగు నెలల్లో ఒక్క ఆదివారం కూడా మనం ఈ ఇంట్లో కలిసి అన్నం తినలేదు.”

ఆయన ఆమె చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకున్నాడు.

“నాన్న నిజంగా వెళ్ళిపోతాడంటావా?”

“మీరే అడగొచ్చుగా.”

“నువ్వడుగు,” అన్నాడు, ఎప్పటిలాగే.

* * *

సోమవారం పన్నుల ఆఫీసులో గుమస్తా కాగితాలు తిరగేసి, వేలితో ఒకచోట తట్టాడు.

“ఇది ఖాళీగా వదిలేశారేంటమ్మా? ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా?”

“ఉన్నారండీ.”

“మరి నింపండి. పేరు చేర్చడానికి దరఖాస్తు పెట్టామని రాస్తే చాలు, పత్రం తరవాత ఇవ్వచ్చు.”

“ఆయన్నింకా అడగలేదు.”

గుమస్తా ఆమెని తేరిపార చూశాడు. ఇలాంటి జవాబు ఆ కిటికీ దగ్గర ఎప్పుడూ విని ఉండడు. “అడగడానికేముందమ్మా! సరే, గురువారం మా కొలతలావిడ ఇంటికొస్తుంది. ఆవిడ సంతకం పెట్టేదాకా టైముంది. పెట్టాక మాత్రం మూడేళ్ళదాకా ఏదీ మారదు. ఆలోచించుకోండి.”

ఆ మూడు రోజులూ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మామగారు వేళకి తిన్నారు. వేళకి పడుకున్నారు. రేడియో పెట్టలేదు. బుధవారం సాయంత్రం ఆమె షాపునుంచి వచ్చేసరికి ఆయన బల్ల మీద ఖాకీ అట్టకాగితం పరిచి ఇంటి పటం గీస్తున్నారు. ప్రతి గోడా, ప్రతి గుమ్మం, తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా చిన్న వంపుగీతతో.

“వచ్చేవాళ్ళకి తేలిగ్గా ఉంటుందని,” అన్నారు తలెత్తకుండా.

“చాలా బాగుంది మామయ్యా.”

“గీత బాగుంటే సరిపోదు. కొలత కుదరాలి.”

ఆమె పక్కన నిలబడి చూసింది. అన్ని గదులకీ పేర్లు రాసి ఉన్నాయి. వంటిల్లు. పడకగది. హాలు. ముందుగది లోపల మాత్రం తొమ్మిదీ ఏడున్నరా అని అంకెలే ఉన్నాయి, పేరు లేదు. పెన్సిలు తీసుకుని తను రాయబోయి ఆగిపోయింది. ఒకరి గదికి పేరు పెట్టడం తన పని కాదనిపించింది.

* * *

గురువారం పదింటికి కొలతలావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. భుజాన సంచి, చేతిలో అట్ట, ముక్కు మీద నిలవనని మొరాయిస్తున్న కళ్ళద్దాలు. మాటకోసారి వాటిని పైకి తోసుకుంటోంది.

పెరట్లోకి వెళ్ళి రేకుల కప్పు చూసిందో లేదో, నవ్వేసింది.

“ఇదేనా మావాళ్ళు గదన్నది? గోడల్లేనిదాన్ని లెక్కలోకి తీసుకోం. కొట్టేస్తున్నా.” మామగారి పటం చేతిలోకి తీసుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరిగింది. రెండుచోట్ల తన టేపు పెట్టి చూసింది. “ఎవరు గీశారండీ ఇది?”

“మా మామగారు.”

“మా ఆఫీసులో ఇంత శుభ్రంగా గీసేవాళ్ళు లేరు. తప్పు పడదామన్నా దొరకట్లేదు.”

గుమ్మం దగ్గర నిలబడ్డ మామగారు గొంతు సవరించుకున్నారు, అంతే. చెవుల దాకా సంతోషం పాకిందని ఆమెకొక్కదానికే తెలిసింది.

కొలతలావిడ కళ్ళద్దాలు మళ్ళీ జారాయి. లెక్కలమ్మ ఉండబట్టలేకపోయింది. “ఒక్కసారి ఇలా ఇవ్వండి,” అని తీసుకుని, తన షాపు సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి కాడ బిగించి, ముక్కు దగ్గరి రెండు పలకలూ లోపలికి నొక్కి ఇచ్చింది. “లంచం కాదండీ, స్క్రూ వదులైంది.”

ఆవిడ పెట్టుకుని తల అటూ ఇటూ ఊపింది. కదల్లేదు. “రెండేళ్ళనుంచి ఇలాగే తిరుగుతున్నా తల్లీ! సరే, లంచం కాదు కాబట్టి లెక్క లెక్కే. వెయ్యిన్నీ యాభై. పదిహేడు వేల అయిదు వందలు. ఇదుగో, ఏడో గడి ఖాళీ. పెద్దాయన ఇక్కడే ఉంటారుగా?”

హాల్లో నలుగురే ఉన్నారు. అయినా అంత చిన్న హాల్లో ఎంతో దూరదూరంగా నిలబడినట్టున్నారు. భర్త గోడకి ఆనుకుని ఆమెవైపే చూస్తున్నాడు. మామగారు నేలవైపు.

“ఉంటారండీ,” అందామె. “ఆ గడి కొట్టేయండి.”

“మూడేళ్ళమ్మా. ఏడాదికి ఏడు వేలు. నా మాట విని…”

“తెలుసండీ. కొట్టేయండి.”

కొలతలావిడ ముగ్గురి మొహాలూ చూసింది. ఇళ్ళు కొలిచే మనిషి, ఇంట్లో సంగతులు అడగకూడదని ఆవిడకి తెలుసు. గడి మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద సంతకం పెట్టింది. కాగితం చేతికిచ్చి, వెళ్తూ వెళ్తూ మామగారికి మాత్రం నమస్కారం పెట్టింది.

గేటు మూసిన చప్పుడయ్యాక ఆమె మామగారి గదిలోకి వెళ్ళింది. ఆయన మంచం మీద కూర్చున్నారు. పక్కన ఒక చేతిసంచి. అందులో రెండు జతల బట్టలు, మందుల డబ్బా.

ఆమె నేల మీద కూర్చుంది.

“మామయ్యా. ఇంటి పత్రంలో మీ పేరు రాయిద్దాం.”

ఆయన మందుల డబ్బాని సంచి అడుక్కి తోశారు.

“ఆవిడ గీత కొట్టేదాకా ఆగాను, ఎందుకంటే ముందే అడిగితే మీరు నన్ను నమ్మకపోవచ్చు. నమ్మకపోయినా తప్పు మీది కాదు. ఇప్పుడు అడగడంలో మాకు రూపాయి లాభం లేదు. రిజిస్ట్రేషన్ ఖర్చు పైగా.”

మామగారు ఆమెవైపు తిరిగారు. పెదాల కొసల్లో ఏదో కదిలింది.

“లెక్కలమ్మవి. చూసి చూసి నష్టానికి అడుగుతున్నావేంటే?”

ఇన్నేళ్ళలో ఆయన ఆమెని ‘ఏంటే’ అనడం అదే మొదటిసారి. కూతురితో మాత్రమే అలా మాట్లాడతారు. ఆమెకి కళ్ళు మసకబారాయి.

“ఆ రోజు నేనే ఇంకోసారి అడగాల్సింది.”

“అడగాల్సింది,” అన్నారాయన. మెల్లగా, ఏ దెప్పూ లేకుండా. “ఆ రాత్రి నేను పడుకోలేదమ్మాయ్. పొద్దున్నే అడుగుతారు, అడిగితే సరేనందాం అనుకున్నాను. పొద్దున మీరిద్దరూ హడావిడిగా తయారై వెళ్ళిపోయారు. షెడ్డు పోయిందని కాదు. ఎవరి గుమ్మమైనా నేను చేసినదే అనుకుని బతికాను. నా గుమ్మం ఏదని ఎవరన్నా అడిగితే చెప్పడానికి ఏమీ మిగల్లేదు.”

“ఇదే మామయ్యా మీ గుమ్మం.”

“నువ్వడిగావు. నాకు చాలు. నీ మీద నాకేం లేదు.” ఆయన చెయ్యి చాపి ఆమె తల మీద ఒక్క క్షణం ఉంచారు. గరుకైన చెయ్యి. “కానీ నువ్వడిగితే సరిపోదు. వాడడగాలి.”

గది బయట గోడ పక్కన ఎవరో కదిలిన అలికిడి. భర్త అక్కడే ఉన్నాడని ఇద్దరికీ తెలుసు.

అప్పుడే వీధిలో ఆటో ఆగింది. వదిన గొంతు డ్రైవరుతో అంటోంది, “అయిదు నిమిషాలు ఉండు బాబూ, పెద్దాయన్ని తీసుకొస్తా.”

ఆమె లేచి గుమ్మంలోకి వచ్చింది. భర్త మొహంలోకి చూసింది. పాతికేళ్ళుగా ఏ మాటైనా ఆమె చేతికో, అంతకుముందు వాళ్ళమ్మ చేతికో ఇచ్చి పంపిన మనిషి. ఇప్పుడు కూడా ఆయన పెదాలు ‘నువ్వే’ అనే మాట కోసం కదులుతున్నాయి. ఆమె తల అడ్డంగా ఊపి, పక్కకి తప్పుకుంది.

ఆయన లోపలికి అడుగుపెట్టాడు. ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. చివరికి తండ్రి కాళ్ళ దగ్గర, నేలమీదే గొంతుక్కూర్చుని, ఆ నల్లబడ్డ గోళ్ళని ఒకదానితో ఒకటి గీరుకోసాగాడు. తండ్రి కొడుకు నడినెత్తిని చూస్తున్నారు. అక్కడ జుట్టు పలచబడిందని ఆయన ఇవాళే గమనించినట్టుంది.

“నాన్నా…” అన్నాడు కొడుకు. ఆగిపోయాడు.

వదిన చెప్పులు విడిచి గబగబా హాలు దాటి వచ్చింది. “నాన్నా, సంచి సర్దుకున్నావా? మీటరు తిరుగుతోంది, లే…”

మామగారు అరచెయ్యి ఎత్తి కూతుర్ని గుమ్మంలోనే ఆపారు. చూపు మాత్రం కొడుకు మీదనుంచి తిప్పలేదు.

“ఉండవే తల్లీ. వాడేదో అంటున్నాడు.”